అంతర్జాల చిరునామాల బదిలీ నియమాలు

అంతర్జాల చిరునామాల బదిలీ నియమాలు అనగా ఒక సంస్థ పేరిట నమోదై ఉన్న ఐపీ చిరునామాలను మరొక సంస్థ పేరిట మార్చడానికి పాటించవలసిన షరతులు, పద్ధతులు. ఐపీవీ4 అనబడే పాత విధానపు చిరునామాల కేంద్ర నిల్వ 2011లో ముగిసింది. అంతకుముందు అవసరం చూపిన సంస్థలకు నామమాత్రపు రుసుముతో లభించిన ఈ సంఖ్యలు, ఆ తరువాత డబ్బుకు చేతులు మారసాగాయి. ఈ మార్పిడిని నిషేధించాలా, అనుమతించాలా, అనుమతిస్తే ఎవరికి, ఏ షరతులపై అనుమతించాలి అనే ప్రశ్నలకు ప్రపంచంలోని ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలు ఇచ్చిన సమాధానాలే ఈ నియమాలు.

ఈ నియమాలను ఏ దేశపు శాసనసభా చేయలేదు. అంతర్జాల సేవా సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ఇంజనీర్లు, ఆసక్తి గల వ్యక్తులు బహిరంగ చర్చలలో పాల్గొని ఏకాభిప్రాయంతో రూపొందించారు. వీటి అమలుకు పోలీసులు లేరు. రిజిస్ట్రీ పుస్తకంలో ఉన్నదే నిజమని అందరూ నమ్మడమే వీటి బలం. అందువలన ఈ నియమాలను అంచనా వేసేటప్పుడు చూడవలసిన మొదటి విషయం, అవి ఆ పుస్తకాన్ని నిజంగా ఉంచుతున్నాయా లేదా అన్నది.

చిరునామాలు, వాటి కొరత

అంతర్జాలంలో ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు సమాచారం చేరాలంటే రెండింటికీ గుర్తింపు సంఖ్యలు కావాలి. ఈ సంఖ్యనే ఐపీ చిరునామా అంటారు. 1981 సెప్టెంబరులో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఐపీవీ4 చిరునామా పొడవు 32 బిట్లు. ఒక్కొక్క బిట్టు 0 గాని 1 గాని కాగలదు. కనుక సాధ్యమైన చిరునామాల మొత్తం, 2ను 32 సార్లు వేసి గుణించగా వచ్చే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఇందులో కొన్ని ప్రత్యేక అవసరాలకు కేటాయించినవి పోగా ప్రజోపయోగానికి మిగిలేవి సుమారు 370 కోట్లు.

చిరునామాలను ఒక్కొక్కటిగా కాక బ్లాకులుగా కేటాయిస్తారు. ఐపీవీ4 చిరునామాను చుక్కలతో వేరుచేసిన నాలుగు అంకెలుగా రాస్తారు. ప్రతి అంకె 0 నుండి 255 వరకు ఉండవచ్చు. మొదటి అంకె మాత్రమే స్థిరంగా ఉండి మిగిలిన మూడూ మారగలిగితే అది 1,67,77,216 చిరునామాలు గల పెద్ద బ్లాకు. మొదటి రెండు స్థిరంగా ఉంటే 65,536, మొదటి మూడు స్థిరంగా ఉంటే 256 చిరునామాలు గల బ్లాకులు అవుతాయి. 1980లలో కేటాయింపులు ఈ మూడు పరిమాణాలలోనే జరిగేవి. మూడు వందల కంప్యూటర్లున్న సంస్థకు 256 చాలవు కనుక అది 65,536 తీసుకునేది. మిగిలినవి ఖాళీగా పడి ఉండేవి. ఈ వృథాను అరికట్టడానికి 1993లో, కావలసిన పరిమాణంలో బ్లాకులు ఇచ్చే వీలు గల కొత్త విభజన పద్ధతి వచ్చింది. అప్పటికే పెద్ద బ్లాకులు చాలా వరకు తొలి సంస్థల చేతికి వెళ్ళాయి.

ఆ తొలి సంస్థలలో అమెరికా రక్షణ శాఖ, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, కొన్ని పెద్ద కంపెనీలు ఉన్నాయి. వారు చేసిన తప్పేమీ లేదు. అప్పటికి అంతర్జాలం పరిశోధకుల మధ్య నడిచే ఒక చిన్న ప్రయోగం. అయితే ఆ ప్రయోగకాలపు పంపకమే తరువాత ప్రపంచవ్యాప్త వ్యవస్థకు పునాది అయింది. నేడు అమెరికా పేరిట సుమారు 160 కోట్ల ఐపీవీ4 చిరునామాలున్నాయి. అనగా అక్కడ తలకు నాలుగుకు పైగా వస్తాయి. 140 కోట్లకు పైబడిన జనాభా గల భారతదేశం పేరిట ఉన్నవి సుమారు 4 కోట్లు. అనగా ముప్పై అయిదు మందికి ఒకటి చొప్పున.

రిజిస్ట్రీల వ్యవస్థ

తొలి దశలో చిరునామాల పట్టికను దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ పోస్టెల్ నిర్వహించేవారు. ఈ బాధ్యతకే తరువాత ఐయానా అనే పేరు వచ్చింది. అంతర్జాలం పెరిగేకొద్దీ ఈ పనిని ప్రాంతాల వారీగా విభజించారు. ఐరోపా, మధ్యప్రాచ్య దేశాలకు 1992లో రైప్ ఎన్‌సీసీ, ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి 1993లో ఏప్‌నిక్, ఉత్తర అమెరికాకు 1997లో ఏరిన్, లాటిన్ అమెరికాకు 2002లో లాక్‌నిక్, ఆఫ్రికాకు 2005లో ఆఫ్రినిక్ గుర్తింపు పొందాయి. ఇవి లాభాపేక్ష లేని సభ్యత్వ సంస్థలు. ఏప్‌నిక్ కార్యాలయం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, ఆఫ్రినిక్ కార్యాలయం మారిషస్‌లో ఉన్నాయి.

1996 నవంబరులో ప్రచురితమైన మార్గదర్శక పత్రం ఈ వ్యవస్థకు మూడు లక్ష్యాలను చెప్పింది. చిరునామాలను పొదుపుగా వాడాలి, రూటర్లు మోయగలిగినంత క్రమపద్ధతిలో పంచాలి, ఎవరి వద్ద ఏవి ఉన్నాయో నమోదు చేయాలి. చిరునామా ఆస్తి కాదని, వాడుకున్నంత కాలం వాడుకొని అక్కర తీరాక తిరిగి ఇవ్వవలసినదని అప్పటి భావన. 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన కోటి 67 లక్షల చిరునామాల బ్లాకును ఏ ప్రతిఫలమూ లేకుండా తిరిగి ఇచ్చింది. అటువంటి ఉదాహరణలు అరుదు. చిరునామాలను ఖాళీ చేయాలంటే వేలాది యంత్రాలకు సంఖ్యలు మార్చాలి, ఖర్చు పెట్టాలి. ఆ శ్రమకు ఫలితం ఇతరులకు దక్కుతుంది.

నిల్వలు ముగిసిన క్రమం

2011 ఫిబ్రవరి 3న అమెరికాలోని మయామీ నగరంలో జరిగిన ఒక సమావేశంలో ఐయానా తన వద్ద మిగిలిన చివరి ఐదు పెద్ద బ్లాకులను ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు ఒక్కొక్కటి చొప్పున ఇచ్చివేసింది. దానితో కేంద్ర నిల్వ ఖాళీ అయింది. మొబైల్ ఫోన్లు, కొత్త చందాదారులు వేగంగా పెరుగుతున్న ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో కొరత అందరికంటే ముందు వచ్చింది. 2011 ఏప్రిల్ 15న ఏప్‌నిక్ తన చివరి బ్లాకుకు చేరి, అప్పటినుండి ఒక్కొక్క సభ్యునికి ఆ బ్లాకు నుండి 1,024 చిరునామాలు మాత్రమే ఇవ్వసాగింది. 2019లో ఈ పరిమితిని 512కు తగ్గించారు.

రైప్ ఎన్‌సీసీ 2012 సెప్టెంబరులో చివరి బ్లాకుకు చేరి, 2019 నవంబరు 25న పూర్తిగా ఖాళీ అయింది. ఏరిన్ నిల్వ 2015 సెప్టెంబరు 24న, లాక్‌నిక్ నిల్వ 2020 ఆగస్టులో ముగిశాయి. ఆ తరువాత కొత్త సంస్థకు చిరునామాలు కావాలంటే మూడు దారులు మిగిలాయి: రిజిస్ట్రీ వద్ద వరుసలో నిలబడి ఎప్పుడైనా తిరిగి వచ్చిన చిన్న బ్లాకు కోసం వేచి ఉండడం, ఒకే చిరునామాను అనేకమంది చందాదారులకు పంచి సర్దుకోవడం, లేదా ఇప్పటికే ఉన్నవారి వద్ద నుండి పుచ్చుకోవడం.

బదిలీపై వాదోపవాదాలు

కొరత రాబోతున్నదని రిజిస్ట్రీలకు ముందే తెలుసు. రైప్ ప్రాంతంలో బదిలీ విధానాన్ని 2008 చివరలో, ఏరిన్ ప్రాంతంలో 2009లో, ఏప్‌నిక్ ప్రాంతంలో 2010లో ప్రవేశపెట్టారు. ఈ నిర్ణయాలు సులభంగా రాలేదు.

బదిలీని వ్యతిరేకించినవారి వాదన ఇది. చిరునామాలు ఉమ్మడి వనరు. ఉచితంగా పొందిన వాటిని అమ్ముకొని లాభం పొందడం అన్యాయం. ముందు వచ్చి ఎక్కువ తీసుకున్న సంపన్న దేశాల సంస్థలకు, ఆలస్యంగా వచ్చిన పేద దేశాల సంస్థలు డబ్బు కట్టవలసి వస్తుంది. వ్యాపారులు ప్రవేశించి చిరునామాలను కొని దాచుకుంటారు. పెద్ద బ్లాకులు ముక్కలై రూటర్లపై భారం పెరుగుతుంది.

సమర్థించినవారి వాదన మరొక విధంగా ఉంది. వాడని చిరునామాలు ఊరికే పడి ఉండడం వలన ఎవరికీ మేలు లేదు. ప్రతిఫలం ఉంటేనే ఉన్నవారు శ్రమపడి ఖాళీ చేసి ఇస్తారు. అన్నింటికన్న ముఖ్యంగా, నిషేధించినంత మాత్రాన అమ్మకాలు ఆగవు, అవి చాటుగా జరుగుతాయి. అప్పుడు రిజిస్ట్రీ పుస్తకంలో ఒకరి పేరు, వాడకంలో మరొకరు ఉంటారు.

ఈ చివరి వాదనను తెలుగు పాఠకులు భూమి లావాదేవీలతో పోల్చి సులభంగా గ్రహించవచ్చు. తెల్లకాగితంపై రాసుకున్న సాదాబైనామాతో భూమి కొన్న రైతు దున్నుకుంటూ ఉంటాడు. అడంగల్‌లో మాత్రం పాత యజమాని పేరే ఉంటుంది. ఇద్దరి మధ్య మాట నిలిచినంత కాలం ఇబ్బంది లేదు. మాట తప్పిన నాడు, వారసులు వచ్చిన నాడు, అదే భూమిని మరొకరికి అమ్మిన నాడు వివాదం మొదలవుతుంది. చిరునామాల విషయంలో ఇది మరింత ప్రమాదకరం. ఒకే చిరునామాల బ్లాకు తమదని రెండు సంస్థలు ఒకేసారి ప్రకటిస్తే, ప్రపంచంలోని రూటర్లలో కొన్ని ఒకరి వైపు, కొన్ని మరొకరి వైపు సమాచారాన్ని పంపుతాయి. రెండు చోట్లా సేవ దెబ్బతింటుంది. పైగా దాడులు, మోసాలు జరిగినప్పుడు బాధ్యులను వెదకడానికి పరిశోధకులు చూసేది ఈ పుస్తకాన్నే.

అయితే ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. భూమి హక్కుకు చట్టం, న్యాయస్థానం, ప్రభుత్వం అండగా ఉంటాయి. చిరునామాల రిజిస్ట్రీకి సభ్యులతో కుదుర్చుకున్న ఒప్పందం తప్ప మరే అధికారమూ లేదు. రిజిస్ట్రీలు పుట్టకముందే చిరునామాలు పొందిన సంస్థలలో అనేకానికి ఆ ఒప్పందం కూడా లేదు.

నోర్టెల్ ఉదంతం

ఈ పరిమితి ఎంత లోతైనదో కేంద్ర నిల్వ ముగిసిన కొద్ది వారాలకే బయటపడింది. కెనడాకు చెందిన టెలికాం పరికరాల సంస్థ నోర్టెల్ 2009లో దివాలా తీసింది. దాని ఆస్తులను అమ్మే క్రమంలో 6,66,624 ఐపీవీ4 చిరునామాలను మైక్రోసాఫ్ట్ సంస్థ 75 లక్షల డాలర్లకు కొనడానికి అంగీకరించినట్లు 2011 మార్చిలో వెల్లడైంది. ఒక్కొక్క చిరునామా ధర 11.25 డాలర్లు. వ్యవహారం అమెరికాలోని డెలావేర్ రాష్ట్రపు దివాలా న్యాయస్థానం ముందు నడిచింది.

ఏరిన్ ఇక్కడ చిక్కులో పడింది. తన విధానం ప్రకారం పుచ్చుకునే సంస్థ అవసరం చూపాలి, ఒప్పందంపై సంతకం చేయాలి. ఆ చిరునామాలు మాత్రం రిజిస్ట్రీకి పూర్వపువి. న్యాయస్థానం అమ్మకాన్ని నేరుగా ఆమోదించి, రిజిస్ట్రీ దానిని నమోదు చేయనని భీష్మించుకుంటే, నష్టపోయేది పుస్తకం యొక్క విశ్వసనీయతే. చివరకు మైక్రోసాఫ్ట్ ఏరిన్‌తో ఒప్పందం కుదుర్చుకొంది. బదిలీ తన విధానానికి అనుగుణంగా జరిగిందని ఏరిన్ ప్రకటించింది. చిరునామా ఆస్తియా కాదా అన్న ప్రశ్నకు ఈ ఉదంతం స్పష్టమైన సమాధానం ఇవ్వలేదు. దానికి ధర ఉందని మాత్రం లోకానికి తెలియజేసింది.

ఆ తరువాత పెద్ద బదిలీలు అనేకం జరిగాయి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన బ్లాకులో సుమారు సగాన్ని అమ్ముతున్నట్లు 2017లో ప్రకటించింది. ప్రపంచంలోని అమెచ్యూర్ రేడియో ఔత్సాహికుల కోసం 1980లలో కేటాయించిన బ్లాకులో నాలుగో వంతును, అనగా 41,94,304 చిరునామాలను, 2019లో అమెజాన్ కొనుగోలు చేసింది. 2021 నాటికి చిరునామా ధర 50 డాలర్ల స్థాయికి చేరింది. తరువాతి సంవత్సరాలలో తగ్గింది. 2024 ఫిబ్రవరి 1 నుండి అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన ఖాతాదారులు వాడే ప్రతి ఐపీవీ4 ప్రజా చిరునామాకు గంటకు 0.005 డాలరు చొప్పున వసూలు చేయసాగింది. ఏడాది పొడవునా వాడితే ఇది సుమారు 43.80 డాలర్లు. ఒకప్పటి ఉచిత వనరు నెలవారీ బిల్లులో ఒక పద్దుగా మారింది.

నియమాలలోని ముఖ్యాంశాలు

అవసర నిరూపణ: చిరునామాలు పుచ్చుకునే సంస్థ వాటిని నిజంగా వాడుకోబోతున్నట్లు చూపాలా అన్నది అన్నిటికన్న వివాదాస్పదమైన అంశం. ఏరిన్, ఏప్‌నిక్ ప్రాంతాలలో రాబోయే 24 నెలల అవసరాన్ని చూపాలి. నిల్వ చేసుకొని ధర పెంచి అమ్మేవారిని అడ్డుకోవడం దీని ఉద్దేశం. రైప్ ప్రాంతం 2014లో ఈ షరతును తొలగించింది. డబ్బు పెట్టి కొంటున్నవాడికి అవసరం లేకుండా ఉంటుందా, కాగితాలు పరిశీలించడంలో కాలయాపన తప్ప మరేమున్నది అని అక్కడివారు వాదించారు. ఏప్‌నిక్ కూడా 2011లో కొద్దికాలం అవసర నిరూపణ లేని విధానాన్ని పాటించి, తిరిగి షరతును తెచ్చుకొంది. అవసర నిరూపణ లేని ప్రాంతానికి ఏరిన్ తన చిరునామాలను పంపనివ్వకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం.

ప్రాంతాల మధ్య పొందిక: ఏరిన్, ఏప్‌నిక్ ప్రాంతాల మధ్య బదిలీలు 2012లో, రైప్ ప్రాంతంతో 2015లో, లాక్‌నిక్ ప్రాంతంతో 2020లో మొదలైనాయి. అవసరం అడగని రైప్ ప్రాంతం, అవసరం అడిగే ప్రాంతం నుండి చిరునామాలు తెచ్చుకోవడానికి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. అటువంటి బదిలీలో పుచ్చుకునే సంస్థ, కనీసం సగం చిరునామాలను అయిదేళ్ళలో వాడుకొనే ప్రణాళికను సమర్పించాలి. ఒక ప్రాంతపు నియమం మరొక ప్రాంతపు నియమాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. ఆఫ్రినిక్ ప్రాంతంలో మాత్రం బదిలీలు ఆ ప్రాంతపు సంస్థల మధ్యకే పరిమితం.

నిరీక్షణ కాలం: చిరునామాలు పొందిన వెంటనే అమ్మకుండా అడ్డుకొనే నియమం ఇది. రైప్ ప్రాంతంలో రెండేళ్ళు ఆగాలి. ఏప్‌నిక్ తన చివరి బ్లాకు నుండి ఇచ్చిన చిరునామాలను అయిదేళ్ళు బదిలీ చేయరాదని 2017లో విధించింది.

కనీస పరిమాణం: బదిలీ చేసే బ్లాకులో కనీసం 256 చిరునామాలు ఉండాలి. ప్రపంచంలోని పెద్ద రూటర్లు ప్రతి బ్లాకుకు ఒక పద్దును జ్ఞాపకంలో ఉంచుకోవాలి. ముక్కలు పెరిగితే పద్దులు పెరుగుతాయి. 2014 ఆగస్టు 12న ఈ పద్దుల సంఖ్య 5,12,000 దాటినప్పుడు, అంతకుమించి మోయలేని పాత రూటర్లు విఫలమై అనేక చోట్ల సేవలకు అంతరాయం కలిగింది.

బహిరంగ నమోదు: ఏ బ్లాకు ఎవరి నుండి ఎవరికి, ఏ తేదీన మారిందో రిజిస్ట్రీలు బహిరంగంగా ప్రచురిస్తాయి. ధర వివరాలు ఇందులో ఉండవు. అది ఉభయపక్షాల సొంత వ్యవహారంగా భావించబడుతుంది.

నియమాలు, తప్పుదారులు

చౌకగా దొరికే వస్తువుకు బయట ఎక్కువ ధర ఉన్నప్పుడు, రేషన్ సరుకు నల్లబజారుకు వెళ్ళినట్లే, ఆ తేడాను సొమ్ము చేసుకొనేవారు తప్పక వస్తారు. చిరునామాల విషయంలోనూ ఇదే జరిగింది. రైప్ ప్రాంతంలో ఒక్కొక్క కొత్త సభ్యునికి 1,024 చిరునామాలు ఇస్తున్న కాలంలో, కొందరు చిరునామాల కోసమే సభ్యత్వాలు తీసుకొని వెంటనే అమ్మసాగారు. సభ్యత్వ రుసుము కంటే చిరునామాల ధర ఎక్కువ కావడమే కారణం. 2015లో నిరీక్షణ నియమాన్ని ఈ కొత్త కేటాయింపులకు వర్తింపజేసి దీనిని అదుపు చేశారు.

ఏరిన్ ప్రాంతంలో వరుసలో వేచి ఉండి పెద్ద బ్లాకులు పొందినవారు, గడువు ముగియగానే వాటిని అమ్ముతున్నట్లు తేలింది. 2019 ప్రారంభంలో ఏరిన్ ఆ వరుసను నిలిపివేసి, నియమాన్ని మార్చి మళ్ళీ తెరచింది. కొత్త నియమం ప్రకారం వరుసలో నుండి గరిష్ఠంగా 1,024 చిరునామాలే లభిస్తాయి. వాటిని అయిదేళ్ళ వరకు బదిలీ చేయరాదు. అదే సంవత్సరం, బూటకపు సంస్థల పేర్లతో ఏడున్నర లక్షలకు పైగా చిరునామాలు పొందిన వ్యవహారాన్ని ఏరిన్ వెలికితీసింది. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో క్రిమినల్ కేసు నడిచి నిందితునికి శిక్ష పడింది.

బదిలీ చేయకుండా అద్దెకు ఇవ్వడం మరొక దారి. పుస్తకంలో యజమాని పేరు మారదు, వాడకం మాత్రం వేరొకరిది. కొనేందుకు పెట్టుబడి లేని చిన్న సంస్థలకు ఇది ఉపకరిస్తుంది. కాని అవసర నిరూపణ, నిరీక్షణ కాలం వంటి నియమాలన్నీ బదిలీకే వర్తిస్తాయి కనుక, బదిలీ నియమాలు కఠినమయ్యేకొద్దీ అద్దె ఆకర్షణ పెరుగుతుంది. నియమకర్తలు ఒక తలుపు మూస్తే వ్యాపారం పక్క తలుపు నుండి సాగుతున్నది.

ఆఫ్రినిక్ వివాదం

నియమాల అమలు ఎంత కష్టమో ఆఫ్రికా ఉదంతం చూపుతుంది. ఆఫ్రినిక్ నిల్వలు మిగిలిన ప్రాంతాలకంటే ఎక్కువకాలం నిలిచాయి. ఇతర చోట్ల ధర పలుకుతున్న చిరునామాలు అక్కడ ఇంకా రుసుముతోనే లభించేవి. సీషెల్స్‌లో నమోదైన క్లౌడ్ ఇన్నొవేషన్ అనే సంస్థ 2013-2016 మధ్య ఆఫ్రినిక్ నుండి సుమారు 62 లక్షల చిరునామాలు పొందింది. వాటిని ఒప్పందానికి విరుద్ధంగా, ఆఫ్రికా వెలుపల వాడుతున్నారని ఆఫ్రినిక్ ఆరోపించి తిరిగి తీసుకోబోయింది. ఒప్పందంలో అటువంటి నిషేధం లేదని ఆ సంస్థ వాదించి మారిషస్ న్యాయస్థానాలను ఆశ్రయించింది. 2021 జూలైలో న్యాయస్థానపు ఉత్తర్వుతో ఆఫ్రినిక్ బ్యాంకు ఖాతాలు కొంతకాలం స్తంభించాయి.

వరుస వ్యాజ్యాలతో ఆఫ్రినిక్ పాలకమండలి పనిచేయలేని స్థితికి చేరింది. 2023 సెప్టెంబరులో మారిషస్ సుప్రీంకోర్టు ఒక రిసీవరును నియమించింది. 2025 జూన్‌లో జరిగిన ఎన్నిక రద్దయింది. 2025 సెప్టెంబరులో మళ్ళీ ఎన్నిక జరిగి కొత్త పాలకమండలి ఏర్పడింది. యాభైకి పైగా దేశాలకు సేవలందించే రిజిస్ట్రీ నాలుగేళ్ళపాటు ఒక చిన్న ద్వీపదేశపు న్యాయస్థానాల చుట్టూ తిరిగింది. ఆ కాలమంతా అక్కడి నియమాల సవరణ కూడా కుంటుపడింది.

భారతదేశంలో

భారతదేశం ఏప్‌నిక్ ప్రాంతంలోనిది. దేశంలోని సంస్థలకు చిరునామాలు కేటాయించడానికి నిక్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఆధ్వర్యంలో 2012లో ఇరిన్ అనే జాతీయ రిజిస్ట్రీ ఏర్పడింది. జాతీయ రిజిస్ట్రీలు ఏప్‌నిక్ విధానాల చట్రంలో పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని పట్టణాలలో కేబుల్ ద్వారా అంతర్జాలం అందించే చిన్న సంస్థలలో చాలా వాటి చిరునామాలు 103 అనే అంకెతో మొదలవుతాయి. అది ఏప్‌నిక్ చివరి బ్లాకు. ఆలస్యంగా వచ్చినవారికి మిగిలిన ఆఖరి పంక్తి అన్నమాట.

పదివేల మంది చందాదారులున్న సంస్థకు 1,024 చిరునామాలు ఉంటే, ఒక్కొక్క చిరునామాను సగటున పదిమంది పంచుకోవాలి. పెద్ద మొబైల్ సంస్థలలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. దీనివలన కొన్ని చిక్కులు వస్తాయి. ఒకరు చేసిన అపరాధానికి ఆ చిరునామాను ఏదైనా సేవ నిరోధిస్తే, దానిని పంచుకుంటున్న అందరూ ఇబ్బంది పడతారు. నేరపరిశోధనలో చిరునామా ఒక్కటే చాలదు. ఏ క్షణంలో ఏ పోర్టు సంఖ్య ఎవరికి ఇచ్చారో కూడా సంస్థ భద్రపరచాలి. ఇంటినుండి సర్వరు నడపదలచిన విద్యార్థికి ప్రత్యేక చిరునామా కావాలంటే అదనపు రుసుము చెల్లించాలి. బదిలీ నియమాల ప్రభావం సామాన్యుని వరకు చేరేది ఈ విధంగానే.

చిరునామాల నియమాలు అమెరికా ప్రభుత్వ చేతిలో ఉన్నాయనే అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉంది. ఐయానా విధులపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. ఆ మార్పు తరువాత ఐకాన్ సంస్థ తొలి బహిరంగ సమావేశం 2016 నవంబరులో హైదరాబాదులోనే జరిగింది. అయితే బదిలీ నియమాలను ఐకాన్ సమావేశాలలో నిర్ణయించరు. అవి ప్రాంతీయ రిజిస్ట్రీల చర్చలలో రూపొందుతాయి. ఏప్‌నిక్ చర్చలలో పాల్గొనడానికి సభ్యత్వం అవసరం లేదు. ఏ దేశపు వ్యక్తి అయినా ప్రతిపాదన చేయవచ్చు, అభ్యంతరం చెప్పవచ్చు.

ఐపీవీ6తో సంబంధం

కొరతకు అసలైన పరిష్కారం ఐపీవీ6. దీని చిరునామా పొడవు 128 బిట్లు. మొత్తం చిరునామాల సంఖ్య 340 పక్కన 36 సున్నాలు చేర్చితే వచ్చే సంఖ్య కంటే కాస్త ఎక్కువ. ప్రమాణం 1998 డిసెంబరులోనే వెలువడింది. కాని ఐపీవీ6 యంత్రం ఐపీవీ4 యంత్రంతో నేరుగా మాట్లాడలేదు. కనుక మారినవారు కూడా, మారనివారికోసం కొన్ని పాత చిరునామాలను ఉంచుకోక తప్పదు. పాత చిరునామాలకు ధర నిలవడానికి ఇదే కారణం.

ఈ విషయంలో భారతదేశం ముందంజలో ఉంది. 2010లో ప్రభుత్వం ఐపీవీ6 ప్రణాళికను ప్రకటించింది. 2016లో సేవలు ప్రారంభించిన జియో సంస్థ మొదటినుండే ఐపీవీ6ను విస్తృతంగా వాడింది. కొలతల ప్రకారం భారతదేశపు అంతర్జాల వినియోగదారులలో 70 శాతం మందికి పైగా ఐపీవీ6 అందుబాటులో ఉంది. పాత చిరునామాలు తలకు నాలుగు చొప్పున ఉన్న అమెరికా ఈ కొలతలో భారత్ కంటే వెనుకబడి ఉంది. లేమి కొత్తదారి పట్టించింది.

బదిలీ సులభమైతే ఐపీవీ6కు మారే అవసరం వాయిదా పడుతుందని కొందరు, ధర కనిపిస్తేనే మారడానికి ప్రేరణ కలుగుతుందని మరికొందరు వాదిస్తారు. చిరునామాకు గంటల లెక్కన రుసుము పడినప్పుడు, అవసరం లేనివాటిని ఖాతాదారులు వదులుకోవడం రెండో వాదనకు బలం చేకూరుస్తుంది. కొనగల స్తోమత ఉన్న పెద్ద సంస్థలు లక్షలాది చిరునామాలను సమకూర్చుకోవడం మొదటి వాదనను బలపరుస్తుంది.

సమీక్ష

గడచిన పదిహేనేళ్ళ అనుభవాన్ని బట్టి కొన్ని విషయాలు తేటతెల్లమవుతాయి. బదిలీని అనుమతించినందువలన వాడుకలో లేని కోట్లాది చిరునామాలు వాడుకలోకి వచ్చాయి. రిజిస్ట్రీ పుస్తకాలు, లోపాలున్నా, కుప్పకూలలేదు. కొనేవారికి తమ పేరు పుస్తకంలో ఎక్కడం ముఖ్యం కనుక వారే నమోదుకు వస్తున్నారు. ఇటీవలి కాలంలో రిజిస్ట్రీలు జారీ చేసే డిజిటల్ ధ్రువపత్రాలను సరిచూసే రూటర్లు పెరగడంతో, పుస్తకంలో లేని హక్కుకు విలువ ఇంకా తగ్గింది. ఈ అర్థంలో, నిషేధం కంటే నమోదు మేలన్న వాదన నెగ్గినట్లే.

న్యాయం విషయంలో మాత్రం లెక్క సరిపోలేదు. ముందు వచ్చినవారికి ఉచితంగా దక్కినదానికి వెనుక వచ్చినవారు మూల్యం చెల్లిస్తున్నారు. నిరీక్షణ కాలం, గరిష్ఠ పరిమితి, చివరి బ్లాకును కొత్తవారికి దాచి ఉంచడం వంటి నియమాలు ఈ అసమానతను తొలగించలేదు. కొంతమేర మెత్తబరిచాయి. ఏప్‌నిక్ తన చివరి బ్లాకును దాచి ఉంచకపోయి ఉంటే, 2011లోనే దానిని కొద్దిమంది పెద్ద సంస్థలు తీసుకుని ఉండేవి. ఆ తరువాత పుట్టిన వేలాది చిన్న సంస్థలు తొలి చిరునామా కోసం కూడా బజారుకే వెళ్ళవలసి వచ్చేది.

రిజిస్ట్రీ విధానాలలో తరచుగా సవరణలు రావడాన్ని కొందరు అస్థిరతగా భావిస్తారు. కాని ఇక్కడ ప్రతి నియమమూ ఒక తప్పుదారిని మూయడానికి పుట్టి, మరొక తప్పుదారిని చూపింది. దానిని గమనించి మళ్ళీ సవరించగలగడమే ఈ వ్యవస్థను నిలబెట్టింది. ఆఫ్రికాలో ఆ సవరణ ఆగిన కాలంలోనే సంక్షోభం ముదిరింది. ఐపీవీ4 అవసరం పూర్తిగా తీరేవరకు ఈ నియమాలు మారుతూనే ఉంటాయి. వాటిని మార్చే చర్చలలో ఆలస్యంగా వచ్చిన దేశాల గొంతు ఎంత వినిపిస్తుందన్నదానిపై వాటి న్యాయం ఆధారపడి ఉంటుంది.